అమెరికా ఖాతాను ఇండియాకు మార్చుకోవాలంటే ఏది ముందు, ఏది తరువాత?

తెనాలివాసి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. 11 ఏళ్లు టెక్సస్‌లో ఉండి ఈ జూన్‌లో కుటుంబంతో సహా హైదరాబాదుకు తిరిగి వచ్చేశాం. సామాను చేరింది, పిల్లలు బడిలో కుదురుకున్నారు, ఆధార్‌లో చిరునామా కూడా మారింది గాని, మా ఫోన్లలోని ఖాతాలు మాత్రం ఇంకా అమెరికా పేరుతోనే ఉన్నాయి. ఇది అంత ముఖ్యమైన సంగతని నేను మొదట అనుకోలేదు. పోయిన నెల తెనాలిలో మా అమ్మతో కలిసి బ్యాంకుకు వెళ్లినప్పుడు గాని నాకు అర్థం కాలేదు.

కౌంటర్‌లో ఉన్న అమ్మాయి ఎంతో ఓపికగా, "యాప్ దింపుకోండమ్మా, రిజిస్ట్రేషన్ నేనే చేసి పెడతాను" అంటూ అమ్మ ఫోన్ అందుకుంది. యాప్ స్టోర్‌లో ఎంత వెతికినా ఆ యాప్ కనిపించలేదు. ఆ అమ్మాయి లింకు పంపితే, దాన్ని నొక్కగానే ఈ యాప్ మీ దేశంలో గాని ప్రాంతంలో గాని అందుబాటులో లేదని తెర మీద వచ్చింది. "ఫోన్ నా చేతిలోనే ఉంది, నేను తెనాలిలోనే ఉన్నాను, మరి దేశంలో లేదంటుందేమిట్రా?" అని అమ్మ అడిగితే నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. 2023లో అమ్మ మా దగ్గర ఆరు నెలలు ఉన్నప్పుడు ఆ ఐఫోన్ 14 కొనిచ్చి, మా టెక్సస్ చిరునామాతో ఆమెకు ఖాతా తెరిచింది నేనే. ఇప్పుడు అమ్మ మాట్లాడుకోవడానికి పాత చిన్న ఫోన్, వైఫై మీద వీడియో కాల్స్ చూసుకోవడానికి ఐఫోన్ వాడుతోంది.

నా పరిస్థితి ఇంకొంచెం చిక్కుగా ఉంది. నా ఆపిల్ ఖాతాలో గిఫ్ట్ కార్డుల తాలూకు 23 డాలర్ల 40 సెంట్లు మిగిలి ఉన్నాయి. ఐక్లౌడ్‌లో 2 టీబీ నిల్వకు నెలనెలా చందా కడుతున్నాను. పాటల చందా ఏడాదికి ఒకేసారి కట్టాను కాబట్టి అది మార్చి వరకు నడుస్తుంది. కొనుగోళ్లను ఇంట్లో అందరూ పంచుకునే ఫ్యామిలీ షేరింగ్‌లో నాతో పాటు 15 ఏళ్ల బాబు, 9 ఏళ్ల పాప ఉన్నారు. పిల్లల కోసం ఏళ్ల తరబడి కొన్న సినిమాలు 40 దాకా ఉన్నాయి. మా ఆవిడది ఆండ్రాయిడ్ ఫోన్. బాబుకు స్టీమ్‌లో ఆటల ఖాతా ఉంది. ఇవన్నీ ఇండియాకు మార్చేస్తే అక్కడి బ్యాంకు, పదవీ విరమణ పొదుపు ఖాతాల యాప్‌ల సంగతి ఏమవుతుందన్నది నా మరో సందేహం, ఎందుకంటే వచ్చే ఏప్రిల్‌లో అక్కడి పన్ను పత్రాలు దాఖలు చేసే దాకా అవి నాకు కావాలి. ఈ దారిలో ముందే నడిచినవాళ్లు ఎవరైనా ఉంటే, ఏ పని ముందు చేయాలో, ఏది తొందరపడి చేయకూడదో దయచేసి చెప్పండి.


కూకట్‌పల్లి పాఠకుడు

తెనాలివాసి గారూ, మేము 2022లో న్యూజెర్సీ నుంచి వచ్చినప్పుడు మా ఇంట్లో మూడు ఖాతాలు మార్చాను కాబట్టి, నాకు తెలిసినంత వివరంగా రాస్తున్నాను.

అమ్మగారి ప్రశ్నకు జవాబు ఏమిటంటే, ఫోన్ ఎక్కడ ఉందో యాప్ స్టోర్ చూడదు, ఖాతా ఏ దేశంలో నమోదై ఉందో మాత్రమే చూస్తుంది. ఆ బ్యాంకు తన యాప్‌ను ఇండియా స్టోర్‌లో మాత్రమే పెట్టి ఉంటుంది కాబట్టి, టెక్సస్ చిరునామా ఉన్న ఖాతాకు అది కనిపించదు. అన్నిటికంటే తేలికైనది, తొందరగా చేయవలసినది ఆవిడ ఖాతాయే. అందులో డబ్బు నిల్వ గాని చందాలు గాని లేకపోతే, ఆవిడ మీ ఫ్యామిలీ షేరింగ్‌లో కూడా లేకపోతే, అది పది నిమిషాల పని. సెట్టింగ్స్‌లో పైన కనిపించే పేరు తాకి, మీడియా అండ్ పర్చేజెస్‌లో వ్యూ అకౌంట్‌కు వెళ్లండి. అక్కడ కంట్రీ/రీజియన్ అన్న చోట ఇండియాను ఎంచుకుని, నిబంధనలకు అంగీకరించి, తెనాలి చిరునామా, పిన్ కోడ్, ఇక్కడి ఫోన్ నంబరు ఇవ్వండి. ఆవిడకు కావలసినవి ఉచిత యాప్‌లే కాబట్టి, చెల్లింపు పద్ధతి దగ్గర ఏదీ వద్దన్న ఎంపిక కనిపిస్తే దాన్నే తీసుకోండి.

అయితే అంతటితో బ్యాంకు పని పూర్తవుతుందనుకోకండి. మన బ్యాంకుల యాప్‌లు రిజిస్ట్రేషన్ సమయంలో ఆ ఫోన్ నుంచే ఒక ఎస్సెమ్మెస్ పంపి, బ్యాంకులో నమోదైన నంబరు ఆ ఫోన్‌లోనే ఉందో లేదో సరిచూసుకుంటాయి. అమెరికాలో అమ్మే ఐఫోన్లకు 14వ మోడల్ నుంచి సిమ్ పెట్టే అరే లేదు. పాత చిన్న ఫోన్‌లో ఉన్న ఆవిడ సిమ్‌ను ముందుగా ఇ-సిమ్‌గా (ముక్క పెట్టే పని లేకుండా ఫోన్‌లోనే ఉండే డిజిటల్ సిమ్‌గా) మార్పించి ఐఫోన్‌లోకి తెచ్చుకుంటే తప్ప ఈ పని ముందుకు సాగదు. ఇ-సిమ్ చేయించాక పాత సిమ్ పనిచేయదు కాబట్టి, ఆ చిన్న ఫోన్ అలవాటు మానడానికి ఆవిడ సిద్ధంగా ఉన్నారో లేదో కూడా ఒక మాట అడగండి. మా నాన్నగారి విషయంలో నేను అడగలేదు. ఆ చిన్న ఫోన్ మూగబోయేసరికి ఆయన వారం రోజులు చాలా ఇబ్బంది పడ్డారు.

ఇక మీ సొంత ఖాతా దేశాన్ని ఇప్పుడే మార్చవద్దని నా సలహా. ఏప్రిల్ దాకా అమెరికా యాప్‌లు అవసరమని మీరే రాశారు. అప్పటిదాకా ఇక్కడి నంబరుతో, వేరే ఈమెయిల్‌తో ఇండియా ఖాతా ఒకటి కొత్తగా తెరవండి. ఐఫోన్‌లో ఐక్లౌడ్‌కు ఒక ఖాతా, కొనుగోళ్లకు మరో ఖాతా పెట్టుకునే వీలుంది. ఫోటోలు, కాంటాక్టులు, బ్యాకప్ అన్నీ పాత ఖాతాలోనే ఉంచి, మీడియా అండ్ పర్చేజెస్‌లో మాత్రం సైన్ అవుట్ చేసి కొత్త ఖాతాతో ప్రవేశించి, ఇక్కడి బ్యాంకు యాప్‌లు, డిజీలాకర్ వంటివి దింపుకోవచ్చు. ముందే ఫోన్‌లో ఉన్న అమెరికా యాప్‌లు ఎక్కడికీ పోవు. వాటిని అప్‌డేట్ చేసేటప్పుడు ఏ ఖాతాతో దింపారో ఆ ఖాతా పాస్‌వర్డ్ అడగవచ్చు, అంతే. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. కొత్త ఖాతాలో పాత కొనుగోళ్లను మళ్లీ దింపుకున్నా, ఆటోమేటిక్ డౌన్‌లోడ్స్ ఆన్ చేసినా, ఆ ఫోన్ ఆ ఖాతాకు ముడిపడిపోతుంది. ఆ తరువాత 90 రోజుల వరకు దాన్ని మరో ఖాతాకు ముడిపెట్టలేరు. కాబట్టి రోజూ అటూ ఇటూ మారకండి. ఒక రోజు కూర్చుని కావలసినవన్నీ దింపుకుని, తిరిగి పాత ఖాతాకు వచ్చేయండి.

పన్ను పని ముగిశాక అసలు మార్పుకు దిగినప్పుడు మీకు ఎదురయ్యే మొదటి అడ్డంకి ఆ 23 డాలర్ల 40 సెంట్లే. ఖాతాలో నిల్వ ఉండగా దేశం మారనివ్వరు. ఆ డబ్బు రూపాయల్లోకి కూడా మారదు. ఏదైనా కొని ఖర్చు చేయాలి. ఇంకేమీ కొనడానికి చాలని చిల్లర మిగిలితే ఆపిల్ సహాయ విభాగానికి చెబితే దాన్ని తీసేస్తారు. చందాలను రద్దు చేయడమే కాకుండా వాటి గడువు ముగిసే దాకా ఆగాలి కాబట్టి, మీ పాటల చందా వల్ల మార్చి వరకు ఎలాగూ ఆగక తప్పదు. ఐక్లౌడ్ విషయంలో తొందరపడకండి. 2 టీబీ చందా ఆగిపోతే ఉచితంగా మిగిలేది 5 జీబీ మాత్రమే. చందా రద్దు చేయడానికి ముందే ఫోటోలన్నిటినీ బయటి డిస్కు ఒకదానిలోకి తీసి, తెరిచి చూసుకుని, ఆ తరువాతే రద్దు నొక్కండి. సినిమాల విషయంలో మీకు నచ్చే మాట చెప్పలేను. ఆ సినిమాకు ఇండియాలో హక్కులు లేకపోతే దేశం మారాక దాన్ని మళ్లీ దింపుకోవడం కుదరకపోవచ్చు. ఆపిల్ కూడా ముందే దింపి దాచుకోమని చెబుతుంది.

పాప ఖాతా గురించి కొంచెం ఆలోచించాలి. ఫ్యామిలీ షేరింగ్‌లో ఉండగా దేశం మార్చడం కుదరకపోవచ్చు. గుంపును రద్దు చేద్దామంటే, అమెరికా ఖాతాల్లో 13 ఏళ్ల లోపు పిల్లలను గుంపు నుంచి ఊరికే తీసివేయనివ్వరు. మరో కుటుంబ గుంపుకు బదిలీ చేయాలి, లేదా ఆ ఖాతానే తొలగించాలి. పెద్దవాళ్లలో ఒకరు ఇండియా ఖాతాతో కొత్త గుంపు మొదలుపెట్టి పాపను అందులోకి తీసుకోవడం వరుసలో బాగుంటుందని అనిపిస్తుంది గాని, దేశాలు వేరైనప్పుడు బదిలీ సాగుతుందో లేదో సహాయ విభాగంతో మాట్లాడి నిర్ధారించుకోకుండా ఏదీ నొక్కకండి.


గోదారమ్మాయి

పైన రాసినవారు ఆపిల్ సంగతి చాలా బాగా చెప్పారు. మీ ఆవిడగారి ఆండ్రాయిడ్ ఫోన్ గురించి నేను రాస్తాను, ఎందుకంటే సింగపూర్ నుంచి విశాఖపట్నం వచ్చినప్పుడు నేను ఆ మార్పు చేసుకున్నాను.

గూగుల్ ప్లేలో దేశాన్ని ఏడాదికి ఒక్కసారే మార్చగలం. ఒకసారి మార్చాక మళ్లీ 365 రోజులు ఆగాలి. అందుకని సెలవులకు వచ్చినవాళ్లు, తిరిగి వెళ్లే ఆలోచన ఉన్నవాళ్లు దాని జోలికి పోకపోవడమే మంచిది. మీరు స్థిరపడడానికే వచ్చారు కాబట్టి నిశ్చింతగా మార్చుకోవచ్చు. ప్లే స్టోర్‌లో మీ ఆవిడగారి ప్రొఫైల్ బొమ్మ నొక్కి, సెట్టింగ్స్‌లో జనరల్ కిందికి వెళితే అకౌంట్ అండ్ డివైస్ ప్రిఫరెన్సెస్ ఉంటుంది. కంట్రీ అండ్ ప్రొఫైల్స్ అన్నది అక్కడే కనిపిస్తుంది. మనిషి ఇండియాలో ఉండి, ఇక్కడి చెల్లింపు పద్ధతి ఒకటి చేర్చగలిగితేనే ఆ మార్పు జరుగుతుంది. మార్చిన వెంటనే పాత స్టోరే కనిపిస్తే కంగారు పడవద్దని చెప్పండి, 48 గంటల దాకా పట్టవచ్చు. ఇక్కడ పాత నిల్వ అడ్డుపడదు గాని, డాలర్ల నిల్వ ఇండియా స్టోర్‌లో చెల్లదు, అది అమెరికా వైపే ఉండిపోతుంది. కాబట్టి ఉన్నదాన్ని ముందే ఖర్చు పెట్టుకోవాలి.

నేను పొరపాటు చేసింది మరో చోట. సింగపూర్‌లో ఉండగా ఒక ఇ-పుస్తకాల దుకాణంలో మా అబ్బాయి చదువు కోసం పుస్తకాలు కొన్నాను. ఇక్కడికి వచ్చాక ఆ ఖాతా దేశం మార్చేశాను. మార్చిన రాత్రే చూస్తే, బొమ్మలతో ఉన్న మూడు సైన్సు పుస్తకాల అట్టలు బూడిద రంగులోకి మారి, నొక్కితే తెరుచుకోవడం మానేశాయి. వాళ్లను అడిగితే, ఆ ప్రచురణకర్త ఈ దేశానికి హక్కులు ఇవ్వలేదని జవాబు వచ్చింది. డబ్బు తిరిగి రాలేదు. మనం కొన్నామని అనుకుంటున్నది వస్తువును కాదని, ఒక దేశం హద్దుల్లో చదువుకునే అనుమతిని మాత్రమేనని ఆ రోజు నాకు తెలిసింది. నాకు ఇప్పటికీ అది న్యాయంగా అనిపించదు. అచ్చు పుస్తకాన్ని పెట్టెలో పెట్టి తెచ్చుకుంటే విమానాశ్రయంలో ఎవరూ తీసుకోరు కదా. మీ సినిమాల జాబితాను ఒకటికి రెండుసార్లు చూసుకుని, పిల్లలకు బాగా ఇష్టమైనవి ముందే ఫోన్‌లోకో ల్యాప్‌టాప్‌లోకో దింపి ఉంచండి.

ఇంకొక సంగతి. 2025 ఫిబ్రవరిలో ఆపిల్ ఒక ఖాతాలోని కొనుగోళ్లను మరో ఖాతాకు తరలించే వీలు తెచ్చింది. ఆ వార్త చదివి నేను చాలా సంతోషించాను గాని, ఐరోపా సమాఖ్యలోను, బ్రిటన్‌లోను, మన దేశంలోను ఆ సదుపాయం ఉండదని అప్పుడే చెప్పేశారు. కాబట్టి కొత్త ఇండియా ఖాతా తెరిచి పాత కొనుగోళ్లన్నీ అందులోకి తెచ్చుకుందామన్న ఆశ పెట్టుకోకండి.


పాత జాయ్‌స్టిక్

మీ బాబు స్టీమ్ ఖాతా గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను. మిగతా వాటితో పోలిస్తే అది సులువు. దేశం మారడానికి ప్రత్యేకంగా దరఖాస్తు ఏమీ అక్కర్లేదు. ఇండియాలో ఉండి, ఇక్కడి చెల్లింపు పద్ధతితో ఏదో ఒకటి కొనడం పూర్తి చేస్తే ఖాతా ఇండియాకు మారుతుంది. వాలెట్‌లోని డాలర్లు రూపాయలవుతాయి. కొన్న ఆటలు ఖాతాలోనే ఉంటాయి. మూడు నెలలకు ఒకసారి కంటే ఎక్కువ మార్చనివ్వరు. 2015 నవంబరు నుంచి అక్కడ రూపాయల్లో ధరలు ఉన్నాయి. చాలా ఆటలు అమెరికా ధర కంటే ఇక్కడ తక్కువకే దొరుకుతాయి కాబట్టి బాబుకు ఇది నష్టం కాదు.

ఈ తక్కువ ధరల వల్లే మరో బెడద వచ్చింది. ఫలానా దేశంలో చవక అని వీపీఎన్ (మనం వేరే దేశంలో ఉన్నట్టు చూపించే సాధనం) పెట్టుకుని ఖాతాను ఆ దేశానికి మార్చుకోమని సలహా ఇచ్చే వీడియోలు తెలుగులో కూడా కనిపిస్తున్నాయి. 15 ఏళ్ల పిల్లవాడు వాటిని చూసే ఉంటాడు. మీరు ఉన్న చోటును దాచిపెట్టడం ఆ దుకాణం నిబంధనలకు విరుద్ధం. పట్టుబడితే ఏళ్ల తరబడి కూడబెట్టిన ఆటలున్న ఖాతాకే ఎసరు వస్తుంది. అర్జెంటీనా, టర్కీ ధరల మీద ఆశపడి ఎంతోమంది అలా వెళ్లారు. 2023 నవంబరు 20 నుంచి ఆ రెండు దేశాల్లోనూ స్థానిక కరెన్సీ తీసేసి డాలర్లలో ధరలు పెట్టారు. మారకపు విలువలు ఒక తీరున ఉండడం లేదని కంపెనీ కారణం చెప్పింది. ఏదేమైనా కొత్త ధరల బరువు మోసింది నిజంగా ఆ దేశాల్లో ఉంటున్న ఆటగాళ్లే.

గోదారమ్మాయి గారు అన్న న్యాయం మాటకు నేను కొంతవరకే ఒప్పుకుంటాను. కొన్న వస్తువు దేశం మారితే తెరుచుకోకపోవడం అన్యాయమే. కాని ఈ సరిహద్దు గోడ లేకపోతే మనకు రూపాయల్లో తక్కువ ధర పెట్టడానికి ఏ ప్రచురణకర్తా ముందుకు రాడు. ఇక్కడ 1,000 రూపాయలకు పెట్టినదాన్ని అక్కడివాళ్లు కూడా కొనుక్కోగలిగితే అందరికీ ఒకే ధర పెడతారు, అది మన జేబుకు తగిన ధర కాదు. దీనికి తోడు ప్రతి దేశానికీ పన్ను వేరు, మన దగ్గర ఇలాంటి ఆన్‌లైన్ సేవల మీద 18 శాతం జీఎస్‌టీ ఉంది. చట్టాలూ వేరు. 2020 జూన్ 29న ప్రభుత్వం 59 చైనా యాప్‌లను నిషేధించినప్పుడు అవి ఇండియా స్టోర్ నుంచి పోయాయి, ఇతర దేశాల స్టోర్లలో ఉండిపోయాయి. దేశాల వారీగా స్టోర్లు ఉండడానికి ఇవన్నీ కారణాలే.

అయినా గోడ కట్టేవారికి కూడా ఒక హద్దు ఉండాలని ఐరోపాలో గట్టిగా చెప్పారు. ఒక సభ్యదేశంలో కొన్న ఆట కోడ్ మరో సభ్యదేశంలో పనిచేయకుండా అడ్డుకున్నందుకు 2021 జనవరిలో ఐరోపా కమిషన్ స్టీమ్ యజమాని వాల్వ్‌కు, మరో ఐదుగురు ప్రచురణకర్తలకు కలిపి 78 లక్షల యూరోల జరిమానా వేసింది. అంతకుముందే, 2018 ఏప్రిల్ 1 నుంచి, డబ్బు కట్టి తీసుకున్న సినిమా, సంగీత చందాలను తాత్కాలికంగా మరో సభ్యదేశానికి వెళ్లినప్పుడు కూడా చూసుకునేలా నియమం తెచ్చారు. ఉద్యోగాల కోసం సరిహద్దులు దాటే కుటుంబాలు మన రాష్ట్రాల్లో ఇన్ని ఉన్నాయి కాబట్టి, కొన్నదాన్ని వెంట తెచ్చుకునే హక్కు గురించి మన దేశంలో కూడా ఎవరో ఒకరు అడగాలన్నది నా కోరిక.

కూకట్‌పల్లి పాఠకుడు గారి రెండు ఖాతాల పద్ధతి గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఏప్రిల్ దాకా అని మీరు గడువు పెట్టుకున్నారు కాబట్టి ఇబ్బంది లేదు. దాన్నే శాశ్వతం చేసుకుంటే మాత్రం అమెరికా కార్డు గడువు ముగిసిన రోజున, లేదా అక్కడి చిరునామాకు ఇక ఎవరూ లేని రోజున చిక్కులో పడతారు. డబ్బు కట్టడానికి తెలియనివాళ్ల దగ్గర డాలర్ గిఫ్ట్ కార్డులు కొనే పరిస్థితి తెచ్చుకోకండి. దొంగిలించిన కార్డులతో కొన్నవి కూడా వాటిలో తిరుగుతుంటాయి. అలాంటిది ఒక్కటి చేరినా ఖాతా స్తంభించే ప్రమాదం ఉంది.


కూకట్‌పల్లి పాఠకుడు

పాత జాయ్‌స్టిక్ గారు చెప్పింది నిజమే, రెండు ఖాతాలను నేను కూడా తాత్కాలికంగానే సూచించాను. ఇండియా వైపు చెల్లింపు గురించి రాయడం మరిచాను. ఆటోమేటిక్‌గా డబ్బు తీసుకునే చెల్లింపుల మీద రిజర్వ్ బ్యాంకు నియమాలు 2021 అక్టోబరు 1 నుంచి మారాక, 2022లో ఆపిల్ ఇక్కడి కార్డులు తీసుకోవడం ఆపేసింది. యూపీఐ, నెట్ బ్యాంకింగ్ పనిచేస్తాయి. అందుకని ముందుగా మీ పేరు మీద ఇక్కడి బ్యాంకు ఖాతా, దానికి యూపీఐ సిద్ధం చేసుకుని ఆ తరువాతే మార్పుకు దిగండి.


తెనాలివాసి

ఇంత ఓపికగా రాసిన మీ అందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పిన వరుసలోనే మొదలుపెట్టాను.

శనివారం తెనాలి వెళ్లి, ముందు అమ్మను అడిగాను. చిన్న ఫోన్ వదలడానికి మొదట ఒప్పుకోలేదు, దాని మీద ఉన్న మీటలు కళ్లజోడు లేకుండా కూడా నొక్కగలనని చెప్పింది. చివరికి ఐఫోన్‌లో అక్షరాలు బాగా పెద్దవి చేసి, ఎక్కువగా మాట్లాడే ఆరుగురి ఫోటోలు మొదటి తెర మీద కనిపించేలా పెట్టాక సరేనంది. ఇ-సిమ్ మార్పు ఆ సాయంత్రానికి పూర్తయింది. ఖాతా దేశం మార్చడానికి మీరన్నట్టు పది నిమిషాలు కూడా పట్టలేదు, చెల్లింపు దగ్గర ఏదీ వద్దన్న ఎంపిక దొరికింది. సోమవారం బ్యాంకు తెరవగానే అదే కౌంటర్ దగ్గరికి వెళ్లాం. యాప్ దిగింది, ఎస్సెమ్మెస్ వెళ్లింది, అమ్మ తన పింఛను నిల్వ తనే చూసుకుంది.

మా ఆవిడ ప్లే స్టోర్ మార్పు మరుసటి రోజుకు అమల్లోకి వచ్చింది. బాబుతో కూర్చుని వీపీఎన్ సంగతి మాట్లాడాను. అలాంటి వీడియో ఒకటి చూశానని ఒప్పుకున్నాడు, ఖాతా పోయే ప్రమాదం ఉందని మాత్రం వాడికి తెలియదు. నా ఖాతాను కదిలించలేదు. పాటల చందా మార్చి నెల తరువాత పొడిగించకుండా ఆపాను, ఫోటోలు డిస్కులోకి ఎక్కుతున్నాయి, 40 సినిమాల్లో పాప ఎంచిన పన్నెండు ల్యాప్‌టాప్‌లోకి దింపాను. పాప ఖాతా బదిలీ గురించి సహాయ విభాగానికి రాశాను. వాళ్ల జవాబు రాగానే ఇక్కడే పెడతాను, ఇదే దారిలో వచ్చేవాళ్లకు అది తప్పకుండా అవసరపడుతుంది.